వీడియో తిరుగుతూనే ఉందా? పెద్ద ప్లాన్‌కి డబ్బులు కట్టే ముందు మీ రౌటర్‌లో ఇవి చూడండి!

ఏలూరు: రాత్రి ఎనిమిదిన్నర. హాల్లో టీవీలో సినిమా నడుస్తోంది. గదిలో అబ్బాయి ఫోన్‌లో క్రికెట్. వంటింట్లో అమ్మ యూట్యూబ్. వరండాలో మామ్మ అమెరికాలో ఉన్న మనవరాలితో వీడియో కాల్. సరిగ్గా అప్పుడే కాల్‌లో మనవరాలి ముఖం బొమ్మలా ఆగిపోతుంది. టీవీలో చక్రం తిరగడం మొదలవుతుంది. "ఏవండీ, ఈ ప్లాన్ సరిపోవట్లేదు, పెద్దది వేయించండి" అని ఇంట్లో తీర్మానం అయిపోతుంది.

ఆగండి.. చాలా ఇళ్లలో సమస్య ప్లాన్‌లో లేదు. వచ్చే నెట్‌ని ఇంట్లో వాళ్లంతా ఎలా పంచుకుంటున్నారన్న దాంట్లో ఉంది. పెద్ద ప్లాన్ వేయించినా పంపకం సరిగా లేకపోతే చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ పంపకం మన చేతుల్లోనే, రౌటర్ సెట్టింగ్స్‌లోనే ఉంది. అదెలాగో చూద్దాం.

ముందు లెక్క: వీడియోకి ఎంత స్పీడ్ కావాలి?

నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం 720పి వీడియోకి 3 ఎంబీపీఎస్, 1080పి ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కె క్వాలిటీకి 15 ఎంబీపీఎస్ స్పీడ్ చాలు. యూట్యూబ్ 4కె వీడియోకి 20 ఎంబీపీఎస్ ఉండాలంటుంది.

పైన చెప్పిన ఇంట్లో 40 ఎంబీపీఎస్ ప్లాన్ ఉందనుకుందాం. టీవీలో 4కె సినిమాకి 20, రెండు ఫోన్లలో ఫుల్ హెచ్‌డీకి చెరో 5, వీడియో కాల్‌కి 3. మొత్తం 33. అంటే 40 ఎంబీపీఎస్‌లో ఇంకా మిగలాలి. మరి ఎందుకు ఆగింది?

ఎందుకంటే కనిపించని వాడకం వేరే ఉంది. టేబుల్ మీద ఛార్జింగ్ పెట్టిన ఫోన్ యాప్‌లను అప్‌డేట్ చేసుకుంటోంది. మధ్యాహ్నం పెళ్లిలో తీసిన వీడియోలు క్లౌడ్‌లోకి ఎక్కుతున్నాయి. ల్యాప్‌టాప్ విండోస్ అప్‌డేట్ దింపుకుంటోంది. ఇవేవీ "నాకు 5 చాలు" అనవు. ఎంత ఉంటే అంతా లాగేస్తాయి.

అసలు దొంగ అప్‌లోడ్!

నెట్ అనగానే మనం డౌన్‌లోడ్ స్పీడే చూస్తాం. ఇంటి నుంచి బయటకి వెళ్లే దారి అప్‌లోడ్. కొన్ని ప్లాన్లలో అది డౌన్‌లోడ్‌తో సమానంగా ఉంటుంది. కొన్నింట్లో బాగా తక్కువ.

కొల్లేరు పక్కన ఉండేవాళ్లకి ఇది చెప్పడం తేలిక. బుడమేరు నుంచి, తమ్మిలేరు నుంచి నీళ్లు కొల్లేట్లోకి వస్తాయి. సముద్రంలోకి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. వచ్చిన నీరు పోలేకపోతే ఏమవుతుంది? వెనక్కి ఎగదన్ని ఊళ్ల మీద, పొలాల మీద నిలిచిపోతుంది. అప్‌లోడ్ దారి నిండిపోయినా అంతే. మనం వీడియో చూస్తున్నప్పుడు కూడా "ఈ ముక్క అందింది, తర్వాతది పంపు" అనే చిన్న చిన్న సందేశాలు మన ఫోన్ నుంచి బయటకి వెళ్లాలి. దారి నిండా ఫొటోల బ్యాకప్ ఉంటే ఆ సందేశాలు క్యూలో చిక్కుకుంటాయి. దాంతో డౌన్‌లోడ్ ఖాళీగా ఉన్నా వీడియో ఆగుతుంది. వీడియో కాల్ అయితే ముందే చెడిపోతుంది, ఎందుకంటే అది రెండు వైపులా నడవాలి.

చెరువు గట్టు మీద కెమెరా ఉందా? ఈ లెక్క చూసుకోండి

కైకలూరు, మండవల్లి, ఆకివీడు వైపు చేపలు, రొయ్యల చెరువులున్న వాళ్లు కాపలాకి సీసీ కెమెరాలు పెట్టుకుంటున్నారు. ఇల్లు చెరువుకి దగ్గరైతే వాటిని ఇంటి వైఫైకే కలిపేస్తుంటారు. కెమెరా రికార్డింగ్ ఇంట్లో ఉన్న బాక్స్‌లోనో, మెమరీ కార్డులోనో అవుతుంటే బయటి నెట్ పెద్దగా ఖర్చవ్వదు. అదే రోజంతా క్లౌడ్‌లోకి పంపే కెమెరా అయితే సంగతి వేరు.

ఒక కెమెరా 4 ఎంబీపీఎస్ చొప్పున ఆపకుండా పంపుతోందనుకోండి. 8 బిట్లు అంటే ఒక బైట్ కాబట్టి అది సెకనుకి అర ఎంబీ. రోజుకి 43 జీబీ. నెలకి దాదాపు 1,300 జీబీ! మూడు కెమెరాలైతే 3,900 జీబీ దాకా పోతుంది. "అన్‌లిమిటెడ్" అని అమ్మే చాలా ప్లాన్లలో నెలకి 3,300 జీబీ దాటితే స్పీడ్ పడిపోతుంది. నెల మొదట్లో బాగుండి, చివరి వారంలో నెట్ నత్తలా నడుస్తోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. మీ ప్లాన్‌లో లిమిట్ ఎంతో, అప్‌లోడ్ కూడా అందులో లెక్కేస్తారో లేదో ఆపరేటర్‌ని అడిగి తెలుసుకోండి.

పోల్చి చూసుకోవాలంటే, నెట్‌ఫ్లిక్స్‌లో 4కె సినిమా గంటకి 7 జీబీ వరకు తీసుకుంటుంది. రోజుకి ఐదు గంటలు చూసినా నెలకి 1,050 జీబీ. అంటే ఎవరూ చూడని ఒక్క కెమెరా, ఇంటిల్లిపాదీ చూసే టీవీ కంటే ఎక్కువ తినేస్తోందన్నమాట.

కెమెరా తీసేయనక్కర్లేదు. దాని యాప్‌లోకి వెళ్లి మూడు మార్పులు చేయండి. రోజంతా రికార్డింగ్ బదులు కదలిక ఉన్నప్పుడే రికార్డ్ అయ్యేలా పెట్టండి. హెచ్.264 బదులు హెచ్.265 ఉంటే అది ఎంచుకోండి, దాదాపు అదే క్వాలిటీకి తక్కువ డేటా చాలు. ఫోన్‌లో మామూలుగా చూసేటప్పుడు సబ్ స్ట్రీమ్ లేదా ఎస్‌డీ పెట్టుకుని, అవసరమైనప్పుడే హెచ్‌డీ నొక్కండి.

రౌటర్ ముట్టుకునే ముందు ఈ టెస్ట్

సమస్య బయట లైన్‌లోనా, ఇంట్లోనా అన్నది ముందు తేల్చుకోవాలి. దానికి పది నిమిషాలు చాలు.

రౌటర్ ఉన్న గదిలోనే నిలబడి, మిగతా ఫోన్లు, టీవీ వైఫై ఆపేసి ఒక ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేయండి. డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ రాసిపెట్టుకోండి. పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి చేయండి. తర్వాత టీవీ ఉన్న చోటుకో, వెనక గదికో వెళ్లి మళ్లీ చేయండి.

రౌటర్ దగ్గర ప్లాన్ స్పీడ్ వచ్చి, వెనక గదిలో పడిపోతే.. అది వైఫై సమస్య. ఒక్కరే వాడితే బాగుండి, అందరూ వాడితే ఆగుతుంటే.. అది పంపకం సమస్య. రౌటర్ పక్కనే, ఒక్క ఫోనే ఉన్నా రాత్రిళ్లు మాత్రమే స్పీడ్ పడిపోతుంటే.. అది బయటి లైన్ సమస్య. మీరేం చేసినా తీరదు, ఆపరేటర్‌తో మాట్లాడాల్సిందే.

రౌటర్ లోపలికి ఎలా వెళ్లాలి?

ఇంటి వైఫైకి కలిసి ఉన్న ఫోన్‌లో బ్రౌజర్ తెరవండి. అడ్రస్ బార్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 టైప్ చేయండి. సరైన అడ్రస్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. కొన్ని కంపెనీల రౌటర్లకి ఫోన్ యాప్ కూడా ఉంటుంది.

ఒక్క హెచ్చరిక. లోపల వాన్, పీపీపీఓఈ, వీల్యాన్ అని కనిపించే పేజీల జోలికి వెళ్లొద్దు. వెనకాల చిన్న రంధ్రంలో ఉండే రీసెట్ బటన్‌ని పిన్నుతో నొక్కొద్దు. అవి చెరిగిపోతే నెట్ మొత్తం పోయి, కేబుల్ అబ్బాయి వచ్చి మళ్లీ లాగిన్ పెట్టేదాకా ఆగాలి. లంక గ్రామాల్లో ఉన్నవాళ్లకి అది ఒక్కరోజులో అయ్యే పని కాకపోవచ్చు. ఏది మార్చినా ముందు ఆ స్క్రీన్‌ని ఫొటో తీసుకోండి. తేడా వస్తే పాతది పెట్టేయొచ్చు.

1. టీవీని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి

డ్యూయల్ బ్యాండ్ రౌటర్లలో రెండు వైఫైలుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది కానీ స్పీడ్ తక్కువ, రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ స్పీడ్ ఎక్కువ కానీ గోడలు దాటాలంటే ఇబ్బంది. వైర్‌లెస్ సెట్టింగ్స్‌లో రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టండి. వీడియో చూసే టీవీ, ఫోన్లు 5 మీద, కెమెరాలు, స్మార్ట్ బల్బులు 2.4 మీద ఉంచండి.

ఎందుకంటే వైఫైలో ఒకసారికి ఒకరే మాట్లాడాలి. చెరువు గట్టు మీది ఇరుకు రోడ్డులో ముందు ట్రాక్టర్ నెమ్మదిగా పోతుంటే వెనకున్న కారు కూడా అదే స్పీడ్‌లో పోవాలి కదా. దూరంగా, సిగ్నల్ సరిగా అందని కెమెరా కూడా ఆ ట్రాక్టర్ లాంటిదే. దాన్ని వేరే దారిలో పెడితే మిగతావాళ్లకి రోడ్డు ఖాళీ అవుతుంది.

టీవీ రౌటర్‌కి దగ్గరలో ఉంటే ఇంకా మంచి మార్గం ల్యాన్ కేబుల్. దాన్ని మించింది లేదు.

2. 2.4లో ఛానల్ 1, 6, 11లో ఒకటి

ఏలూరు పవర్‌పేట, ఆర్‌ఆర్‌పేట లాంటి చోట్ల, తాడేపల్లిగూడెం అపార్ట్‌మెంట్లలో ఫోన్‌లో వైఫై తెరిస్తే పక్కవాళ్లవి పదిహేను పేర్లు కనిపిస్తాయి. అందరూ ఒకే ఛానల్ మీద ఉంటే అందరికీ నష్టమే. వైఫై ఎనలైజర్ యాప్‌తో ఏ ఛానల్ మీద రద్దీ తక్కువో చూసి 1, 6, 11లో ఒకటి పెట్టండి. ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి ఆ మూడే. ఛానల్ విడ్త్ 20 మెగాహెర్ట్జ్ చాలు. చుట్టూ ఇళ్లు లేని ఊళ్లలో ఈ సెట్టింగ్‌తో పెద్ద తేడా రాదు, వదిలేయొచ్చు.

3. క్యూఓఎస్.. అసలైన మందు ఇదే

రౌటర్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో క్యూఓఎస్ అనో, బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ అనో ఒక పేజీ ఉంటుంది. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అని రౌటర్‌కి చెప్పేది ఇక్కడే.

ఆన్ చేయగానే మీ మొత్తం డౌన్‌లోడ్, అప్‌లోడ్ స్పీడ్ ఎంతో అడుగుతుంది. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ప్లాన్ మీద రాసిన నంబర్ కాకుండా, రాత్రి టెస్ట్‌లో మీకు నిజంగా వచ్చిన స్పీడ్‌లో 85 నుంచి 90 శాతం వేయాలి. 40 వస్తుంటే 35 వేయండి. అప్‌లోడ్ 20 వస్తుంటే 17 లేదా 18 వేయండి. కొన్ని రౌటర్లు ఎంబీపీఎస్ బదులు కేబీపీఎస్‌లో అడుగుతాయి. అప్పుడు 35కి బదులు 35,000 అని కొట్టాలి. ఇది చూసుకోకపోతే ఇంటి మొత్తానికి నెట్ ఆగిపోయినంత పనవుతుంది.

ఉన్నదాంట్లో తగ్గించుకోవడం ఎందుకు అంటారా? ఉప్పుటేరు మోయగలిగినంత కంటే కాస్త తక్కువ వదిలితే నీరు ఎక్కడా నిలవదు. అలాగే లైన్ నిండకముందే రౌటర్ ఆపితే, క్యూ మన రౌటర్‌లోనే ఉంటుంది. మన రౌటర్‌కి ఎవరిని ముందు పంపాలో తెలుసు. క్యూ బయట ఆపరేటర్ బాక్స్‌లో తయారైతే మామ్మ వీడియో కాల్ ఏదో, ఫోన్ అప్‌డేట్ ఏదో దానికి తెలియదు.

తర్వాత ప్రాధాన్యం ఇవ్వండి. వీడియో కాల్స్, ఆన్‌లైన్ క్లాసులు, ఇంటి నుంచి ఉద్యోగం చేసే ల్యాప్‌టాప్.. వీటికి హై. టీవీకి మీడియం. కెమెరాలకి, బ్యాకప్ చేసే ఫోన్లకి లో. టీవీ కంటే కాల్ ఎందుకు ముందు అంటే.. సినిమా కొంత ముందుగానే దింపుకుని దాచుకుంటుంది, రెండు సెకన్లు ఆలస్యమైనా మీకు తెలియదు. కాల్‌కి ఆ వెసులుబాటు లేదు. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఆ రెండు సెకన్లే కొంప ముంచొచ్చు.

అందరికీ "హై" పెట్టకండి. అందరూ వీఐపీలైతే క్యూ మళ్లీ మొదటికే వస్తుంది.

4. ఒక్కో డివైస్‌కి పరిమితి

తాడేపల్లిగూడెంలో నిట్ చుట్టుపక్కల ఒకే గదిలో నలుగురు కుర్రాళ్లు ఒక కనెక్షన్ పంచుకుంటున్నారనుకుందాం. ఒకడు గేమ్ డౌన్‌లోడ్ పెడితే ముగ్గురూ ఖాళీగా కూర్చోవాలి. బ్యాండ్‌విడ్త్ కంట్రోల్‌లో ఒక్కొక్కరికి గరిష్ఠంగా ఇంత అని పెట్టుకుంటే గొడవ ఉండదు. 40 ఎంబీపీఎస్‌లో మనిషికి 15 గరిష్ఠం పెడితే ఎవరికీ ఫుల్ హెచ్‌డీకి లోటు రాదు, ఒక్కడే మొత్తం లాగేయలేడు.

ఇళ్లలో సంక్రాంతికి చుట్టాలొచ్చినప్పుడు గెస్ట్ వైఫై ఆన్ చేసి దానికి ఒక పరిమితి పెట్టేయండి. మీ అసలు పాస్‌వర్డ్ ఊరంతా తిరగదు, టీవీ కూడా ఆగదు.

5. ప్రాధాన్యం పెట్టినా పనిచేయట్లేదా?

రౌటర్ ప్రతి ఫోన్‌నీ దాని మ్యాక్ అడ్రస్‌తో గుర్తుపడుతుంది. కొత్త ఫోన్లు ప్రైవసీ కోసం ఆ అడ్రస్‌ని మార్చి చూపిస్తాయి. దాంతో నిన్న "హై" ఇచ్చిన ఫోన్ ఇవాళ రౌటర్‌కి కొత్త ఫోన్‌లా కనిపించే అవకాశం ఉంది. ఇంటి వైఫై వరకు ఈ సదుపాయం ఆపేయండి. ఆండ్రాయిడ్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కి, ప్రైవసీలో డివైస్ మ్యాక్ ఎంచుకోవాలి. ఐఫోన్‌లో ప్రైవేట్ వైఫై అడ్రస్ ఆఫ్ చేయాలి. బయటి వైఫైలకి మాత్రం ఆన్‌లోనే ఉంచండి.

మీ రౌటర్‌లో ఈ ఆప్షన్లే లేవా?

ఆపరేటర్ ఇచ్చిన కొన్ని ఫైబర్ బాక్సుల్లో క్యూఓఎస్ ఉండదు, లేదా లాక్ చేసి ఉంటుంది. అప్పుడు రెండు దారులు. ఆ బాక్స్ ల్యాన్ పోర్టుకి క్యూఓఎస్ ఉన్న సొంత డ్యూయల్ బ్యాండ్ రౌటర్ కలుపుకుని, అన్నీ దాని మీదే వాడటం ఒకటి. పాత బాక్స్‌లో వైఫై ఆపేయడం మర్చిపోవద్దు.

ఖర్చు లేనిది రెండోది. ఫొటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్లు రాత్రి అందరూ పడుకున్నాకే ఆన్ చేయండి. ఫోన్‌లో వీడియోని 480పి లేదా 720పికి తగ్గించండి. ఆరంగుళాల స్క్రీన్ మీద పెద్ద తేడా కనిపించదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దేశమంతా ఇళ్లలో కూర్చున్నప్పుడు పెద్ద స్ట్రీమింగ్ సంస్థలు చేసింది కూడా ఇదే. మొబైల్ నెట్‌వర్క్‌ల మీద వీడియోని 480పికి పరిమితం చేశాయి. దేశానికి పనికొచ్చిన చిట్కా మన ఇంటికీ పనికొస్తుంది.

రౌటర్ ఎక్కడ పెట్టారు?

టీవీ వెనకాల, బీరువా పైన, అద్దం పక్కన పెడితే సిగ్నల్ సగం అక్కడే పోతుంది. ఇనుము, అద్దం, నీళ్లు వైఫైకి అడ్డం. ఇంటి మధ్యలో, మనిషి ఎత్తులో, గాలి తగిలే చోట పెట్టండి. డాబా మీద గదికి సిగ్నల్ అందకపోతే స్లాబ్‌తో పోరాడొద్దు, ల్యాన్ కేబుల్ లాగి పైన ఇంకో రౌటర్ పెట్టుకోవడం నయం.

రౌటర్‌తో తీరనివి ఇవి

2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించారు. నెలకి రూ.149 ప్లాన్‌తో 15 ఎంబీపీఎస్ నెట్, టీవీ ఛానళ్లు, ఫోన్ కలిపి ఇవ్వడం అప్పట్లో దాని ప్రత్యేకత. ఊరూరికీ త్వరగా చేరడానికి ఫైబర్‌ని భూమిలో తవ్వి వేయకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగారు. ప్రైవేటు కేబుల్ లైన్లు కూడా మన ఊళ్లలో ఎక్కువగా స్తంభాల మీదే ఉంటాయి. దానివల్ల లాభం ఉంది, చిక్కూ ఉంది. గాలివానకి కొమ్మ పడితే లైన్ పోతుంది.

ఫైబర్ బాక్స్ మీద ఎల్‌ఓఎస్ అనే లైట్ ఎర్రగా వెలుగుతుంటే సిగ్నలే రావట్లేదని అర్థం. రౌటర్‌ని పదిసార్లు ఆపి వేసినా లాభం లేదు, వెంటనే ఫోన్ చేయండి. పొద్దున, రాత్రి స్పీడ్ టెస్ట్ ఫొటోలు చూపించి మాట్లాడండి, ఫిర్యాదు నంబర్ తీసుకోండి. "నెట్ స్లోగా ఉందండీ" అనడం కంటే "పొద్దున 38, రాత్రి 4 వస్తోంది" అంటే జవాబు వేరేగా ఉంటుంది. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ ఉండాలి. 2023 జనవరిలో కేంద్ర టెలికాం శాఖ ఈ నిర్వచనం తెచ్చింది. అంతకుముందు అది 512 కేబీపీఎస్ మాత్రమే.

కరెంటు పోయినప్పుడల్లా నెట్ పోతుంటే రౌటర్‌కి సరిపడే మినీ యూపీఎస్ పెట్టుకోండి. ఫైబర్ బాక్స్, రౌటర్ వేర్వేరుగా ఉంటే రెండింటికీ బ్యాకప్ ఉండాలి.

ఈ రాత్రికి ఈ మూడు చాలు

అన్నీ ఒకేసారి మార్చకండి. ఏది పనిచేసిందో తెలియదు. ముందు స్పీడ్ టెస్ట్ చేసి రాసుకోండి. టీవీని 5 గిగాహెర్ట్జ్‌కో, ల్యాన్ కేబుల్‌కో మార్చండి. ఫోన్లలో బ్యాకప్ ఆపండి. రేపు రాత్రి ఎనిమిదిన్నరకి మళ్లీ చూడండి. అప్పటికీ కాల్ ఆగుతుంటే క్యూఓఎస్ పెట్టండి. అది పెట్టాక కూడా, రాత్రి పూట ప్లాన్ స్పీడ్ పూర్తిగా వస్తున్నా సరిపోవట్లేదంటే, అప్పుడు మీ ఇంటికి పెద్ద ప్లాన్ నిజంగానే కావాలి. అప్పుడు కట్టే డబ్బులు దండగ కావు.